‘లా’ తీసేశాక కుదిరిన కవిత

మా రాజమండ్రి గోదారి మీద కవిత రాశాను. ‘తల్లిలా లాలించే నది, వెండితీగలా మెరిసే నీరు’... మా అక్క చదివి, "కృష్ణ మీద రాశావా?" అంది. ఒళ్లు మండింది గానీ, నిజమే! పేరు మారిస్తే ఏ నదికైనా అతుకుతుంది.

పోలికలన్నీ కొట్టేసి, కళ్లారా చూసినవే రాసుకున్నాను: వరదల్లో వచ్చే ఎర్రనీరు, 1997లో రైళ్లు ఆగిపోయిన హేవలాక్ వంతెన. మొదట ‘రిటైరైన తాతయ్యలా వంతెన’ అన్నాను. చప్పగా ఉంది. ‘లా’ తీసేసి, ఇద్దరినీ ఒకటి చేశాను. బళ్లో చదివిన రూపకమే:

‘వంతెన తాతయ్య నీళ్లలో కాళ్లు పెట్టుకుని
పక్క వంతెన మీద రైళ్లు లెక్కపెడుతున్నాడు.’

ఎర్రనీటికీ పోలిక వెతికాను. దొరికినవన్నీ అరిగిపోయినవే. దాన్ని ఎర్రనీరుగానే వదిలేశాను.