న్యూట్ల ట్యాంకు వేడెక్కితే ఏం చేశానంటే (నా అనుభవం)

మేముండేది జర్మనీలో, స్టుట్‌గార్ట్ దగ్గర. పై అంతస్తు, ఏసీ లేదు. మా వాడి పోరు పడలేక తెచ్చిన రెండు చైనా ఫైర్ బెల్లీ న్యూట్లు ఉన్నాయి. చూడ్డానికి బల్లుల్లా ఉంటాయి గానీ కప్పలకు చుట్టాలు. పొట్ట ఎర్రగా, మీద నల్ల మచ్చలు. మా అమ్మ వీడియో కాల్‌లో వాటిని చూస్తే ఇప్పటికీ మొహం తిప్పుకుంటుంది.

జులైలో రెండూ తిండి మానేసి, ట్యాంకు గాజు గోడ పట్టుకుని పైకి పాకడం మొదలుపెట్టాయి. నీళ్లు పాడయ్యాయనుకుని సగం మార్చాను. లాభం లేదు. థర్మామీటర్ పెడితే 27 డిగ్రీలు! వీటికి 20 దాటకపోతేనే మంచిది.

ఐస్ ముక్కలు వేయబోయి ఆగాను, ఒక్కసారిగా చల్లబడినా ప్రమాదమే. గాజు మూత తీసి జాలీ బిగించాను (సందు దొరికితే పారిపోతాయి). పాత కంప్యూటర్ ఫ్యాన్‌ను నీటి మీదికి వీచేలా పెట్టాను. కుండలో నీళ్లు చల్లబడ్డట్టే, ఆవిరయ్యేకొద్దీ వేడి తగ్గింది. లైటు ఆపేసి, కిటికీకి కర్టెన్ వేశాను. మర్నాటికి 23, ఎండ తగ్గాక 20. ఆవిరైనంత మేర రోజూ క్లోరిన్ తీసిన నీళ్లు చెంబెడు పోస్తున్నాను.

మూడో రోజు వానపాము ముక్క చూపిస్తే పెద్దది లటుక్కున లాక్కుంది.