జ్వరం వస్తే ఏ డాక్టరు దగ్గరకు వెళ్లాలి?

విజయవాడ సూర్యారావుపేటలోనైనా, గుంటూరు కొత్తపేటలోనైనా వరుసగా కనిపించే ఆసుపత్రి బోర్డులు చదవడానికి ముందు, ఇంట్లో ఒక కాగితం తీసుకుని జ్వరం మొదలైన తేదీ, థర్మామీటరు చూపిన అంకె, చూసిన సమయం, మాత్ర వేసుకున్న సమయం రాసిపెట్టుకోవాలి. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్, ఆపైన ఉంటే జ్వరంగా లెక్కిస్తారు. చంకలో పెడితే అంకె కాస్త తగ్గుతుంది కాబట్టి ఎక్కడ పెట్టి చూశారో కూడా రాయడం మంచిది. నుదుటి మీద చెయ్యి వేసి "కాలిపోతోంది" అని చెప్పడం వల్ల వైద్యుడికి పెద్దగా తెలిసేది ఉండదు.

జ్వరం మొదలై ఎన్ని రోజులైందన్న లెక్క తప్పితే పరీక్షలూ తప్పుదారి పట్టిస్తాయి. డెంగీకి ఎన్‌ఎస్1 పరీక్ష మొదటి 5 రోజుల్లోనూ, ఐజీఎం పరీక్ష ఆ తరువాతా ఉపయోగపడతాయి. టైఫాయిడ్‌కు మొదటి వారంలో బ్లడ్ కల్చర్ (రక్తంలోని క్రిములను పెంచి చూసే పరీక్ష) నమ్మదగినది. రెండో రోజునే విడాల్ అనే రక్తపరీక్ష చేయించి టైఫాయిడ్ అని తేల్చేసుకోవడం మన ఊళ్లలో పాతుకుపోయిన తప్పుడు అలవాటు.

పొలాల్లో, పొదల్లో తిరిగినవారైతే చంకలు, గజ్జలు, నడుము బట్టల చాటున జాగ్రత్తగా వెతకాలి. సిగరెట్టుతో కాల్చినట్టు నల్లగా చెక్కు కట్టిన చిన్న పుండు కనిపిస్తే, పొదల్లోని చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరాన్ని అనుమానించాలి. అది నొప్పి పెట్టదు కనుక చాలాసార్లు రోగి దృష్టికే రాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పటిలా మురికి నీళ్లలో నడిచాక జ్వరంతో పాటు పిక్కల నొప్పి, కళ్లెరుపు ఉంటే, ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల సోకే లెప్టోస్పైరోసిస్ కావచ్చు. నీళ్లలో నడిచిన సంగతి మనం చెబితేనే డాక్టరుకు తెలుస్తుంది.

పెద్దలు మొదట వెళ్లవలసింది ఎం.డి. జనరల్ మెడిసిన్ చదివిన ఫిజీషియన్ దగ్గరకే. పిల్లలను పిల్లల డాక్టరుకు చూపించాలి. రెండు వారాలకు పైగా దగ్గు కూడా ఉంటే ఊపిరితిత్తుల నిపుణుడిని కలవవచ్చు, లేదా క్షయ ఉందేమో తెలుసుకోవడానికి సర్కారు ఆసుపత్రిలో ఉచితంగా కఫం పరీక్ష చేయించుకోవచ్చు. మూడు వారాలైనా కారణం తేలని జ్వరానికి అన్ని విభాగాలూ ఒకేచోట ఉన్న పెద్దాసుపత్రి మేలు.

మూడు నెలలలోపు పసిబిడ్డకు జ్వరం వచ్చినా, ఎవరికైనా మెడ బిగుసుకుపోయినా, మగతగా ఉన్నా, ఆయాసం వచ్చినా నిపుణుల కోసం వెతుకుతూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి. డెంగీ కాదని తేలేవరకు పారాసిటమాల్ తప్ప ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వంటి మాత్రలు సొంతంగా వేసుకోకూడదు. డెంగీలో జ్వరం దిగిన రోజే గండం ఎక్కువ. ఒళ్లు చల్లబడినా కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే అదే కాగితం పట్టుకుని వెంటనే ఆసుపత్రికి బయలుదేరాలి.