పోకర్‌లో ఏ సీటుకు ఏ ముక్కలు

తొమ్మిది మంది ఆడే నో లిమిట్ టెక్సాస్ హోల్డెమ్‌నే (చేతికి రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి ఐదు, పందేనికి పరిమితి లేదు) తీసుకుందాం. బ్లైండ్లు, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే పందేలు, 50 (చిన్నది), 100 (పెద్దది). ఒక్కొక్కరి ముందు 10,000 చిప్స్. (డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటాన్ని 2025లో కేంద్రం చట్టం చేసి నిషేధించింది, కాబట్టి ఇక్కడి లెక్క ఉత్త చిప్స్‌దే.) చేతికొచ్చిన ముక్కలు చూసుకునే ముందే మీ వెనక ఇంకా ఎంతమంది ఆడాలో లెక్కపెట్టండి.

పెద్ద బ్లైండ్ తర్వాతి సీటైతే మొదట ఆడేది మీరే, మీ వెనక ఎనిమిది మంది. వాళ్లలో ఒక్కరికైనా రాణుల జతో, అంతకు మించిన జతో, ఆసు-రాజో ఉండే అవకాశం సుమారు 19 శాతం. అదే బటన్ మీదుంటే (చిన్న బ్లైండ్‌కు ముందున్న, పంచేవాడి సీటు) వెనక ఇద్దరే, ఆ అవకాశం 5 శాతానికి పడిపోతుంది. సీటును బట్టి ముక్కలు ఎంచుకోవడానికి సగం కారణం ఇదే. మిగతా సగం, ఫ్లాప్ (బల్ల మీద పరిచే మొదటి మూడు ముక్కలు) తర్వాత బటన్ అందరికంటే చివర ఆడుతుంది.

ఆ మొదటి సీట్లో ఆడదగ్గవి: 7-7 నుంచి పై జతలు, ఒకే గుర్తు ఆసు-10 నుంచి పైవి, ఒకే గుర్తు రాజు-రాణి, ఏ గుర్తులైనా ఆసు-రాణి, ఆసు-రాజు. రెండు ముక్కల మొత్తం 1326 చేతుల్లో ఇవి 92, అంటే 7 శాతం. బిగుతుగా ఉన్నా కొత్తవాళ్లకు ఇదే క్షేమం.

ఎక్కువమంది మునిగేది వేరే గుర్తుల ఆసు-జాకీతో. ఇస్పేటు ఆసు, కళావరు జాకీ పట్టుకుని మొదటి సీటు నుంచి 250కి రెయిజ్ చేశారు (పందెం పెంచారు), వెనక ఒకరు కాల్ చేశారు (అంతే పెట్టారు). ఫ్లాప్‌లో ఆసు, 8, 3 పడ్డాయి. జత కుదిరిందని మీరు చిప్స్ తోస్తూ పోతారు. అవతల ఆసు-రాణి ఉంటే కిక్కర్ (జత పక్కనుండే ముక్క) దగ్గర పోయింది. ఆసుకు చిన్న ముక్క తోడైతే ఓడేది అర్థమైపోతుంది. ఇది మాత్రం బాగున్నట్టే కనిపించి ముంచుతుంది. మధ్య సీట్ల నుంచి, ముందువాళ్లంతా ఫోల్డ్ చేస్తే (ముక్కలు వదిలేస్తే), దాన్నీ 5-5, 6-6 జతల్నీ ఒకే గుర్తు జాకీ-10నీ ఆడొచ్చు.

బటన్ దాకా అందరూ వదిలేస్తే దాదాపు 40 శాతం చేతులు ఆడండి: అన్ని జతలు, ఒకే గుర్తు ఆసులన్నీ, ఒకే గుర్తు 5-4 లాంటి వరస ముక్కలు, వేరే గుర్తులైనా రాజు-9, రాణి-9. బ్లైండ్లలోని 150 కోసం 250 పెడుతున్నారు కాబట్టి బ్లైండ్లు ఇద్దరూ 62.5 శాతం సార్లు వదిలేస్తే చాలు, ఫ్లాప్ చూడకపోయినా నష్టం లేదు. పందెం 400కి పెంచితే ఆ అంకె దాదాపు 73కి చేరుతుంది.

చిన్న బ్లైండ్ అన్నిటికన్నా చెడ్డ సీటు. 50 ఎలాగూ పెట్టేశాం కదా అని ఇంకో 50 కలపకండి. అందరూ వదిలేసి మీ దాకా వస్తే 300కి పెంచండి, లేదా ఫోల్డ్. పెద్ద బ్లైండ్‌లో లెక్క వేరు: బటన్ 250కి పెంచి, చిన్న బ్లైండ్ వదిలేస్తే, 400 కోసం మీరు ఇంకా 150 ఇస్తే చాలు. 27 శాతం గెలుపు అవకాశం సరిపోతుంది కాబట్టి ఒకే గుర్తు ముక్కల్లో చాలావాటితో కాల్ చేయొచ్చు.

పై జాబితాలన్నీ మీ ముందు ఎవరూ రెయిజ్ చేయనప్పుడే. మొదటి సీటువాడు పెంచితే మీరు బటన్ మీదున్నా సరే, వేరే గుర్తుల రాజు-రాణి, ఆసు-జాకీ వదిలేయండి. అతను ఆ 7 శాతంలోంచి ఆడుతున్నాడు.