పవర్ బ్యాంకు కొనేముందు చిన్న అక్షరాలు చదవండి
2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటాక ఉద్దానం పల్లెలు రోజుల తరబడి చీకట్లో మగ్గిన సంగతి ఎరిగిన మన శ్రీకాకుళం వారికి పవర్ బ్యాంకు విలాసం కాదు, అవసరం. అయితే డబ్బా మీది 10,000 ఎంఏహెచ్ (బ్యాటరీ సామర్థ్యపు కొలత, మిల్లీ ఆంపియర్ అవర్) అన్న పెద్ద అంకెను చూసి కొనకండి. అది లోపలి సెల్స్ సుమారు 3.7 వోల్టుల వద్ద నిల్వ చేసే సామర్థ్యం మాత్రమే, దాన్ని 5 వోల్టులకు పెంచి ఫోనుకు అందించేసరికి మిగిలేది దాదాపు 6,000. ఆ అసలు లెక్క వెనకవైపు ‘రేటెడ్ కెపాసిటీ’ అని చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. కొనేవారికి కావలసిన అంకెనే అలా దాచడం అన్యాయం. తుపాను హెచ్చరిక రాగానే పవర్ బ్యాంకును నిండా ఛార్జి చేసుకొని, సిగ్నల్ లేని వేళల్లో ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచండి, ఎందుకంటే టవరు కోసం వెతుకులాటలోనే బ్యాటరీ త్వరగా ఖర్చయిపోతుంది.