పిల్లలకు ప్రవక్త (స)పై ప్రేమ: ఇంట్లో ఎలా మొదలుపెట్టాలి

ఎడమచేత్తో నీళ్లు తాగుతున్న నాలుగేళ్ల పిల్లాడి చేతిమీద ఒక్కటేసి, "ప్రవక్త అలా తాగొద్దన్నారు" అని గద్దించే ఇళ్లు చాలా ఉన్నాయి. వాడికి గ్లాసు సంగతి గుర్తుండదు, దెబ్బ గుర్తుంటుంది. దెబ్బతోపాటు విన్న పేరూ గుర్తుంటుంది. ఇలా పదిసార్లు జరిగితే దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పేరు వినగానే తిట్లే తలపుకొస్తాయి. అందుకే ముందు ఆయన ఎవరో తెలియాలి, ఆయనంటే ఇష్టం పుట్టాలి. "ఆయన ఇలా చేసేవారు" అన్న మాట ఆ తర్వాతే రావాలి.

మాటలు సరిగా రాని వయసులో చేయాల్సింది ఒక్కటే. ఇంట్లో ఆయన పేరు వచ్చిన ప్రతిసారీ పెద్దవాళ్లు దరూద్‌ను, అంటే ఆయనకు శుభం కోరే మాటను, పూర్తిగా, స్పష్టంగా పలకాలి. చాలామంది హడావుడిగా సగం మింగేస్తారు, పిల్లలకు ఆ మింగుడే అలవాటవుతుంది. మూడేళ్ల పిల్లకు మూడు ముక్కలుగా చెప్పండి: సల్లల్లాహు, అలైహి, వసల్లం. కాగితం మీద (స) అని ఉన్నా నోటితో పూర్తిగానే చదవాలి. మన దగ్గర 4 ఏళ్ల 4 నెలల 4 రోజులకు చదువు మొదలుపెట్టించే బిస్మిల్లా ఫంక్షన్ చేసే ఆనవాయితీ ఉంది. అది పెద్దలు పెట్టుకున్న ఆచారమే తప్ప హదీసులో (ప్రవక్త మాటలు, చేతల గురించిన ఉల్లేఖనంలో) చెప్పిన లెక్క కాదు. చదువు దాకా ఆగినా, ప్రేమ నేర్పడానికి ఆ రోజు దాకా ఆగక్కర్లేదు.

ఏ కథలు, ఎలా

ఆరేళ్ల లోపు పిల్లలకు బద్ర్, ఉహుద్ యుద్ధాలతో సీరత్ (ప్రవక్త జీవితకథ) మొదలుపెట్టొద్దు. అవి తొమ్మిది, పదేళ్లకు. చిన్నవాళ్లకు పిల్లలు, జంతువులు ఉన్న ఉదంతాలే బాగా పడతాయి, అవి హదీసుల్లో కావలసినన్ని ఉన్నాయి. ప్రవక్త (స)కు సేవ చేసిన హజ్రత్ అనస్ (రజి, అంటే అల్లాహ్ ఆయనపట్ల ప్రసన్నుడగుగాక) తమ్ముడు అబూ ఉమైర్ ఒక చిన్న పిట్టను పెంచుకున్నాడు, అది చచ్చిపోయింది. దిగులుగా ఉన్న ఆ పిల్లాణ్ణి ప్రవక్త (స) ప్రాస కలిపి పలకరించారు: "యా అబా ఉమైర్, మా ఫఅలన్నుగైర్?" ఓ అబూ ఉమైర్, నీ పిట్ట ఏమైంది అని. ఆ అరబీ మాటను అలాగే చెప్పండి, ప్రాస కోసం పిల్లలు మళ్లీ మళ్లీ అంటారు. ప్రవక్త (స) నమాజులో నుదురు నేలకు ఆనించి సజ్దాలో ఉండగా మనవడు వీపెక్కితే, వాడంతట వాడు దిగేదాకా సజ్దాను పొడిగించిన ఉదంతం ఇంకొకటి. మదీనావాసులైన అన్సారీల తోటలో కన్నీళ్లు పెట్టుకున్న ఒంటెను ఆయన నిమిరి, తిండి సరిగా పెట్టక అతిగా పని చేయిస్తున్నావని యజమానిని మందలించింది మరొకటి.

రాత్రి నమాజు ఇషా తర్వాత, పడుకోబోయే ముందు ఏడెనిమిది నిమిషాలు చాలు. ఒకే కథ మూడు రాత్రులు చెప్పండి. మూడో రాత్రికి పిల్లలే మీకు చెబుతారు. చివర్లో "ఇందులో నీతి ఏంటి?" అని అడిగితే కథ పాఠమైపోతుంది. "పిట్ట చచ్చిపోతే అబూ ఉమైర్‌కి ఎలా అనిపించి ఉంటుంది?" అని అడగండి. ఇక్కడొక హద్దు ఉంది: ఆ పిల్లాడి మనసును ఊహించొచ్చు కానీ ప్రవక్త (స) అనని మాటను ఆయన నోట పెట్టకూడదు. రక్తి కట్టించడానికి కూడా వద్దు. బొమ్మలు గీయించేటప్పుడూ అంతే. హిరా గుహ, ఖర్జూరపు చెట్టు, ఒంటె, మక్కా నుంచి మదీనాకు దారి గీయించండి, ఆయన రూపం మాత్రం గీయించొద్దు. ఆ దారి ఇప్పటి రోడ్డు మీద దాదాపు 450 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి రాజమండ్రి వెళ్లేంత దూరం ఒంటెల మీద వెళ్లారని చెబితే, బస్సులో కునికిపాట్లు పడ్డ పిల్లలకు హిజ్రత్ (మక్కా నుంచి మదీనాకు వలస) అంటే ఏమిటో ఒంటికి తెలుస్తుంది.

రోజూ చెత్త పోసే ముసలమ్మ కథ మన ఉపన్యాసాల్లో, పిల్లల పుస్తకాల్లో తెగ వినిపిస్తుంది. ప్రామాణిక హదీసు గ్రంథాల్లో అది లేదు. పెద్దయ్యాక పిల్లలు ఆ సంగతి తెలుసుకుంటే, మీరు చెప్పిన మిగతావన్నీ అనుమానంలో పడతాయి. అలాంటి కరుణే కావాలంటే బుఖారీ హదీసు గ్రంథంలో నిజంగా ఉన్న ఉదంతం చెప్పండి. ఆయనకు సేవ చేసే యూదు కుర్రాడు జబ్బుపడితే ఆయనే స్వయంగా వెళ్లి తలగడ దగ్గర కూర్చున్నారు. తాయిఫ్ ఊళ్లో ఆయన మీద రాళ్లు రువ్వినవాళ్ల ఉదంతమూ ఉంది. వాళ్ల నాశనం కోరుకునే అవకాశం వచ్చినా కోరలేదు, వాళ్ల సంతానంలోంచి అల్లాహ్‌ను ఆరాధించేవాళ్లు వస్తారని ఆశించారు.

దస్తర్ఖాన్ (భోజనానికి పరిచే గుడ్డ) దగ్గర

ఎలా నేర్పాలో కూడా ఆయన దగ్గరే నేర్చుకోవాలి. ప్రవక్త (స) భార్య ఉమ్మె సలమా (రజి) గారి కొడుకు ఉమర్ బిన్ అబీ సలమా ప్రవక్త (స) ఇంట్లో పెరుగుతున్న పిల్లాడు. తినేటప్పుడు వాడి చెయ్యి పళ్లెమంతా తిరిగేది. ఆయన "అబ్బాయీ" అని పిలిచి మూడే మాటలు చెప్పారు: అల్లాహ్ పేరు తలచుకో, కుడిచేత్తో తిను, నీ ముందున్నది తిను. అప్పటినుంచి తన తిండి తీరు అదేనని పెద్దయ్యాక ఆ ఉమరే చెప్పుకున్నారు. తప్పు జరిగినచోటే చెప్పారు, పొట్టిగా చెప్పారు, ఏం చేయకూడదో కాక ఏం చేయాలో చెప్పారు. "పళ్లెమంతా కెలక్కు" అనలేదు.

మన ఇళ్లల్లో దీన్ని ఇలా పెట్టండి. పళ్లెం ముందుకు రాగానే పెద్దవాళ్లలో ఒకరు గట్టిగా బిస్మిల్లా అనాలి, మనసులో అనుకుంటే పిల్లలకు వినపడదు. తిండి మధ్యలో గుర్తొస్తే "బిస్మిల్లాహి అవ్వలహూ వ ఆఖిరహూ" అనాలి. మరిచిపోయినందుకు తిట్టే పని లేకుండా ఈ ఒక్క దుఆ (ప్రార్థన) కాపాడుతుంది. అందరూ ఒకే పెద్ద పళ్లెంలో బిర్యానీ తినేటప్పుడు పిల్లలు ముక్క కోసం అవతలికి చెయ్యి చాస్తారు. వాళ్లకిష్టమైన ముక్కను ముందే వాళ్ల వైపు పెడితే "నీ ముందున్నది తిను" అన్నమాట తేలికవుతుంది. ఎడమచేతివాటం పిల్లలైతే తినడం, తాగడం వరకే కుడిచేయి నేర్పండి, అదీ మెల్లగా. రాసే చేతిని మార్చాల్సిన పని లేదు.

నెలకు ఒక్క సున్నత్ (ప్రవక్త పాటించిన అలవాటు) చాలు. ఈ నెల బిస్మిల్లా, వచ్చే నెల కూర్చుని మూడు గుక్కల్లో నీళ్లు తాగడం, ఆ తర్వాత చెప్పులు కుడికాలికి ముందు తొడిగి ఎడమకాలివి ముందు విప్పడం. మరుగుదొడ్డిలోకి ఎడమకాలు, బయటికి కుడికాలు. తుమ్మితే అల్హమ్దులిల్లాహ్. ఒకేసారి పది మొదలుపెట్టిన ఇళ్లల్లో రెండో వారానికి ఒక్కటీ మిగలదు. పెద్దవాళ్లు అలిసిపోయి ముందు మానేస్తారు, పిల్లలు వాళ్లను చూసి మానేస్తారు.

దుఆలు, దరూద్

అరబీ చదవడం రాని పిల్లలకు దుఆలు తెలుగు లిపిలో రాసి ఫ్రిజ్ మీద అంటించడం మంచిదే, గుర్తుకోసం మటుకే. అరబీలో ఖాఫ్‌తో మొదలైతే ఖల్బ్, అంటే హృదయం. కాఫ్‌తో మొదలైతే కల్బ్, అంటే కుక్క. మన లిపిలో చూసి చదివితే ఆ రెండు ధ్వనుల తేడా సరిగా తెలియదు. అందుకని ముందు చెవితో వినాలి, మక్తబ్ (మతం నేర్పే బడి) గురువు హజ్రత్ దగ్గర ఒకసారి పలికి సరిచేయించుకోవాలి, ఆ తర్వాతే కాగితం.

నమాజులో చదివే దరూదె ఇబ్రాహీమ్‌లో పిల్లలు తడబడే చోటు ఒక్కటే. రెండు సగాలూ ఒకేలా ఉంటాయి కాబట్టి మొదటి సగంలో "కమా సల్లైత" అనాల్సిన చోట "కమా బారక్త" అని దూకేస్తారు. సల్లి ఉన్నచోట సల్లైత, బారిక్ ఉన్నచోట బారక్త అని జతగా చెప్పండి. మొదటి సగం నోట కుదిరాకే రెండోది ఎత్తుకోండి.

రబీఉల్ అవ్వల్ నెలలో మిలాద్ (ప్రవక్త జయంతి) జరిపే ఇళ్లున్నాయి, జరపని ఇళ్లున్నాయి. ఏ ఇంట్లోనైనా పిల్లలకు నిలిచేది శుక్రవారం దరూద్‌లాంటి వారంవారం అలవాటే.

పెద్దవాళ్ల వంతు

పిల్లలు ఎక్కువగా చూసేది మన నిజాయితీని. ఒక తల్లి "ఇలా రా, ఒకటిస్తా" అని పిల్లాణ్ణి పిలిస్తే, ఏమివ్వాలనుకున్నావని ప్రవక్త (స) అడిగారు. ఖర్జూరం అందామె. ఇవ్వకపోయుంటే నీ ఖాతాలో ఒక అబద్ధం రాసి ఉండేవారు అన్నారు. చాక్లెట్ ఆశ చూపి ఇంజెక్షన్‌కు తీసుకెళ్లడం, అప్పు ఇచ్చినవాడు ఫోన్ చేస్తే "అబ్బా (నాన్న) ఇంట్లో లేరని చెప్పు" అనడం, ఈ రెండూ మానేస్తే నూరు కథలు చెప్పినంత.

వస్తువు పగిలినప్పుడు అనస్ (రజి) మాట తలచుకోండి. పదేళ్లు సేవ చేస్తే ఒక్కసారి కూడా ఆయన "ఉఫ్" అనలేదట, ఎందుకిలా చేశావనీ అనలేదట. ఒకసారి పని మీద పంపితే అనస్ బజారులో ఆడుకునే పిల్లల దగ్గర ఆగిపోయారు. ప్రవక్త (స) వెనకనుంచి వచ్చి మెడ పట్టుకుని, నవ్వుతూ, "ఉనైస్, చెప్పిన చోటికి వెళ్లావా?" అన్నారు. ముద్దుపేరుతో, నవ్వుతో అడిగినా పని గుర్తుచేయడం మానలేదు.

షోర్బాలో కాస్త నీళ్లెక్కువ పోసి పొరుగువారికి పంపమన్నది కూడా ఆయన మాటే. ఆ గిన్నె పిల్లల చేతికే ఇవ్వండి, పక్కింటివారు ఏ మతం వారైనా సరే. వాళ్లు తినేదేనా అని ముందు అడగడం కూడా పిల్లలకే నేర్పండి.

నమాజుకు ఏడేళ్లనుంచి చెప్పమన్నారు, పదేళ్లకు గట్టిగా పట్టించుకోమన్నారు. ఆ మధ్య మూడేళ్లలో, చాంద్రమాన సంవత్సరానికి 354 రోజుల లెక్కన, రోజుకు అయిదు చొప్పున, 5,310 నమాజులొస్తాయి. అంటే అయిదు వేలకు పైగా సార్లు మెత్తగా పిలిచే అవకాశం. తెల్లవారుజామున చేసే ఫజ్ర్‌తో మొదలుపెడితే మొదటి వారంలోనే గొడవ. ఇంట్లో అందరూ ఉండే సాయంత్రపు మగ్రిబ్‌తో మొదలుపెట్టండి, పక్కన నిలబెట్టుకోండి, కుదిరాక ఇంకొకటి కలపండి.

పదేళ్లు దాటాక బడిలో, ఫోన్‌లో ఆయన గురించి రకరకాల మాటలు వింటారు, వచ్చి అడుగుతారు. "అలాంటివి అడక్కూడదు" అంటే ఇంకెక్కడో అడుగుతారు. ఈ వయసులో మక్కావాళ్లతో చేసుకున్న హుదైబియా శాంతి ఒప్పందం, 630లో మక్కా విజయం రోజు ఇచ్చిన క్షమాభిక్ష, రెండూ వివరంగా చెప్పాలి. జవాబు తెలియని ప్రశ్న వస్తే తెలియదని చెప్పి, వాళ్ల ఎదుటే ఒక నోటుబుక్కులో రాయండి. శుక్రవారం నమాజయ్యాక ఆ పుస్తకం పట్టుకుని ఇద్దరూ కలిసి ఇమామ్ సాబ్ దగ్గరికి వెళ్లండి, ప్రశ్న మాత్రం పిల్లల్నే అడగనివ్వండి.