స్క్రాచ్ క్లాసులో త్రిభుజం మూసుకోకపోతే

లెక్కలో సైన్సో చెబుతూ, కంప్యూటర్ క్లాసు కూడా కొత్తగా చేతికొచ్చిన టీచర్ల కోసం ఇది. ఆరు, ఏడు తరగతులకు స్క్రాచ్ (ఆదేశాల బ్లాకులను పేర్చి తెర మీది పిల్లి బొమ్మను కదిలించే ప్రోగ్రామింగ్) మొదలుపెట్టగానే ఎదురయ్యే చిక్కులివి.

సమస్య: చతురస్రం చక్కగా వచ్చింది. త్రిభుజం గీయమంటే మూడు గీతలూ కలవకుండా తెరుచుకునే ఉంటున్నాయి.

కారణం: బొమ్మను తిప్పే టర్న్ బ్లాకులో 60 వేశారు. సమబాహు త్రిభుజంలో కోణం 60 అని లెక్కల క్లాసులో చదివినవాళ్లు అదే వేస్తారు. కానీ పిల్లి బొమ్మ మూల దగ్గర తిరగాల్సింది బాహ్యకోణం, అంటే 120. చతురస్రానికి లోపలి కోణమూ బయటి కోణమూ 90 కావడంతో ఈ తేడా అప్పటిదాకా బయటపడలేదు.

పరిష్కారం: "120 వెయ్యండి" అని చెప్పేయకండి, మౌసు అసలు ముట్టుకోకండి. నేల మీద సుద్దముక్కతో త్రిభుజం గీసి ఒకరిని దాని వెంట నడిపించండి. మూల దగ్గర ఆపి, ముఖం ఎటు ఉందో, తర్వాతి గీత పట్టాలంటే ఎంత తిరగాలో మిగతావాళ్ల చేత చెప్పించండి. మూడు మూలలూ తిరిగి మొదటి వైపుకే ముఖం పెట్టేసరికి మొత్తం 360 డిగ్రీలు తిరిగినట్టు. దాన్ని మూడుతో భాగించాలని పిల్లలకే తడుతుంది. తర్వాత పంచభుజికి ఎంతో అడగండి, 72 అని వాళ్లే తేలుస్తారు. 60 వేసినవాళ్లనైతే, ఎన్నిసార్లు చేయాలో చెప్పే రిపీట్ బ్లాకులో 3 బదులు 6 పెట్టమనండి. షడ్భుజి వస్తుంది, వాళ్ల ముఖాలూ వెలుగుతాయి. దీనికి పీరియడంతా పట్టినా పట్టనివ్వండి, సిలబస్ ఆగదు.

సమస్య: గీతలు గీసే పెన్ బ్లాకులే కనబడట్లేదు.

2019లో వచ్చిన స్క్రాచ్ 3.0 నుంచి అవి విడిగా ఉంటున్నాయి. ఎడమవైపు అడుగున ఉన్న ఎక్స్‌టెన్షన్ గుర్తు నొక్కి పెన్ ఎంచుకోవాలి.

సమస్య: ఆట రెండోసారి ఆడితే స్కోరు పాతదాని మీదే పెరుగుతోంది.

కారణం: ఆట మొదలుపెట్టే ఆకుపచ్చ జెండా నొక్కినంత మాత్రాన వేరియబుల్ (స్కోరులాంటి మారే విలువను దాచుకునేది) దానంతట అది సున్నా కాదు. పిల్లి కూడా పోయినసారి ఆగిన చోటి నుంచే కదులుతుంది.

పరిష్కారం: జెండా బ్లాకు కిందే స్కోరు 0 అని, పిల్లి మొదటి స్థానం ఇదని పెట్టించాలి. "ఆట మొదలయ్యేటప్పుడు ఏవేవి ఎలా ఉండాలి?" అని ముందే నోటుబుక్కులో రాయిస్తే ఈ చిక్కు చాలావరకు రాదు.

సమస్య: ఒక కంప్యూటర్ ముందు ఇద్దరు కూర్చుంటే మౌసు ఎప్పుడూ ఒకరి చేతిలోనే ఉంటోంది.

పరిష్కారం: మౌసు లేనివాళ్లు ఏ బ్లాకు పెట్టాలో చెప్పాలి, ఉన్నవాళ్లు అదే పెట్టాలి. పది నిమిషాలకోసారి మార్చండి. ఆడపిల్లలు పక్కకు జరిగిపోతున్నారేమో తప్పకుండా గమనించండి. ల్యాబ్‌లో నెట్ లేకున్నా ఇదంతా సాగుతుంది, స్క్రాచ్ ఆఫ్‌లైన్ యాప్ ఉచితమే.