పాస్తా సంగటవుతోందా? సాస్ మార్చే ముందు నీళ్లు చూడండి

ఫోన్‌లో ఫోటో వస్తుంది. గిన్నెలో పాస్తా అంతా ఒకే ముద్ద, మధ్యలో క్యారెట్, బీన్స్ ముక్కలు ఇరుక్కుని ఉంటాయి. కింద ఒకే మాట: "అక్కా, మళ్లీ సంగటైంది." ప్యాకెట్ వెనకాల చదివారా అని అడుగుతాను. చదివి ఉండరు. సాస్ మార్చి ఉంటారు, కంపెనీ మార్చి ఉంటారు, ఉడికే నీళ్లలో నూనె పోసి ఉంటారు. ప్యాకెట్ తిప్పి చూడటానికి మాత్రం ఎవరికీ తీరిక దొరకదు.

ముందు ఆ పని చేయండి. డ్యూరమ్ గోధుమ రవ్వ అని ఉంటే సరే. ప్యాకెట్ల మీద సెమోలినా అనో సూజీ అనో రాస్తారు. మైదా అని ఉన్నా, అంగట్లో విడిగా తూకం వేసి ఇచ్చింది తెచ్చినా, మీరెంత జాగ్రత్తగా వండినా అది మెత్తబడుతుంది. అక్కడే ఎన్ని నిమిషాలు ఉడకాలో కూడా రాసుంటుంది. 10 అని ఉంటే ఎనిమిదో నిమిషంలో ఒకటి తీసి కొరకండి. మధ్యలో సన్నటి తెల్ల చుక్క మిగిలి ఉండగానే దించేయాలి, మిగతాది బాణలిలో కూరగాయలతో కలిసేటప్పుడు ఉడుకుతుంది. 100 గ్రాములకు లీటరు నీళ్లు, అవి తెర్లుతున్నప్పుడే పాస్తా వేయాలి. కుక్కర్లో రెండు విజిల్స్ పెట్టేవాళ్లకు నేను చెప్పగలిగేది ఏమీ లేదు.

ఇవన్నీ సరిగ్గానే చేశాను, అయినా జిగురుగానే ఉంది

అసలు దొంగ ఇక్కడ ఉంటాడు. అదే ప్యాకెట్, అదే గిన్నె, అదే మనిషి. సోమవారం పొడిపొడిగా వస్తుంది, గురువారం ముద్దవుతుంది. బెంగళూరులో చెల్లెలి ఇంట్లో బాగా కుదిరింది అనంతపురంలో కుదరదు. ఇలాంటి ఫిర్యాదు వస్తే పాస్తా గురించి అడగడం మానేసి, ఆ రోజు గిన్నెలో పోసిన నీళ్లు కొళాయివా బోరువా అని అడుగుతాను. చాలాసార్లు బోరు నీళ్లే.

మన వైపు బోరు నీళ్ల సంగతి అందరికీ తెలిసిందే. గీజర్ రాడ్‌కు తెల్లగా పెచ్చు కడుతుంది, సబ్బు నురగ రాదు, కందిపప్పు ఎన్ని విజిల్స్ వచ్చినా ఉడకదు. దాంతో బోరు నీళ్లు దేన్నైనా గట్టిగా ఉంచుతాయని అనుకుంటాం. పప్పు విషయంలో అది నిజమే, ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం పప్పును మెత్తబడనివ్వవు. పాస్తా దగ్గర మాత్రం వ్యవహారం తిరగబడుతుంది. ఈ నీళ్లలో బైకార్బనేట్ కూడా ఎక్కువే. మరిగేకొద్దీ అది విరిగి కార్బన్ డయాక్సైడ్ ఆవిరితో పాటు పోతుంది, నీళ్లు ఇంకా క్షారంగా మారతాయి. క్షారం ఎక్కువున్న నీళ్లలో పాస్తాలోంచి పిండి ఎక్కువగా కరిగి బయటికొస్తుంది. పైపొర జిగురవుతుంది, ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఉడికిన నీళ్లు గంజిలా చిక్కగా కనిపిస్తే అదే గుర్తు.

పప్పు ఉడకడానికి చిటికెడు వంట సోడా వేసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. పొరపాటున కూడా ఆ చెయ్యి పాస్తా గిన్నె వైపు పోనివ్వకండి. సోడా వేస్తే క్షారం ఇంకా పెరుగుతుంది.

మందు చిన్నదే. రెండు లీటర్ల బోరు నీళ్లకు రసమున్న నిమ్మకాయ ఒకటి పిండండి, లేదా ఒక పెద్ద చెంచా వెనిగర్ పోయండి. ఆ పులుపు క్షారాన్ని విరిచేస్తుంది, నీళ్లు వంచేశాక నాలుకకు పెద్దగా తెలియదు. అంతకంటే ఎక్కువ పిండితే మాత్రం పాస్తా పుల్లబడుతుంది, ఉడకడానికీ మొండికేస్తుంది. నిమ్మకాయ లేకపోతే క్యాన్ నీళ్లు వాడండి. ఇరవై లీటర్ల క్యాన్‌లో రెండు లీటర్లు పాస్తాకు పోయాలంటే ప్రాణం ఉసూరుమంటుందని తెలుసు. అందుకే నా ఓటు నిమ్మకాయకే. నమ్మకం కుదరకపోతే రెండు గిన్నెలు పెట్టి, ఒకదాంట్లో బోరు నీళ్లు, ఇంకోదాంట్లో క్యాన్ నీళ్లు పోసి గుప్పెడు గుప్పెడు ఉడికించి చూడండి. పది నిమిషాల్లో తేలిపోతుంది.

"మా అపార్ట్‌మెంట్‌లో సాఫ్ట్‌నర్ ఉంది, మాకా బాధ లేదు" అంటారు కొందరు. ఉంది, ఇంకా కనబడకుండా ఉంది. సాఫ్ట్‌నర్ కాల్షియాన్ని తీసి ఆ చోట సోడియం పెడుతుంది, బైకార్బనేట్‌ను ముట్టుకోదు. గిన్నెకు తెల్లపెచ్చు కట్టదు, సబ్బు నురగ బ్రహ్మాండంగా వస్తుంది, పాస్తా మాత్రం అంటుకుంటూనే ఉంటుంది. వీళ్లు నీళ్లను అనుమానించరు కాబట్టి అందరికంటే ఎక్కువ రోజులు అవస్థ పడతారు. వీళ్లకూ నిమ్మకాయే.

కర్నూలులో తుంగభద్ర నీళ్లు వచ్చే ఇళ్ల నుంచి ఈ ఫిర్యాదు నాకు పెద్దగా రాదు. కొళాయి ఎండిపోయి బోరు ఆన్ చేసిన వారం మాత్రం వస్తుంది.

పాస్తా బాగుంది, అడుగున నీళ్లు ఊరాయి

ఇది కూరగాయల పని. చిన్న బాణలిలో క్యాప్సికమ్, క్యారెట్, పుట్టగొడుగులు అన్నీ ఒకేసారి కుప్పపోసి, వెంటనే ఉప్పు చల్లి, సన్న మంట పెడితే అవి వేగవు, వాటి నీళ్లలో అవే ఉడుకుతాయి. వెడల్పు పెనం, పెద్ద మంట, రెండు విడతలు, ఉప్పు చివర్లో. ఆలివ్ నూనె లేదని ఆగనక్కర్లేదు. పల్లీలు పండే జిల్లాలో ఉండి గానుగ నూనె పక్కన పెట్టి సీసా కొనడం నాకైతే అర్థం కాదు. వెల్లుల్లి, తుంచిన ఎండుమిర్చి అందులో వేగితే ఆ వాసనే వేరు. కారప్పొడి వేయకుండా ఉండలేకపోతే టమాటా మగ్గాక వేయండి, నూనెలో నేరుగా పడితే మాడుతుంది. పాస్తా ఎంతో కూరగాయలు అంత, అప్పుడే దీన్ని ఆరోగ్యం ఖాతాలో వేసుకోవచ్చు.

ఎంత ఉడికినా గట్టిగానే ఉంది

పచ్చి పాస్తాను తిన్నగా టమాటా గుజ్జులో వేసి ఉంటారు, టైమ్ కలిసొస్తుందని. పులుపులో పాస్తా త్వరగా మెత్తబడదు, నాటు టమాటా అయితే మరీనూ. విడిగా ఉడికించాకే కలపండి.

మధ్యాహ్నం బాక్స్ తెరిస్తే గడ్డ

ఉడికిన పాస్తా సాస్‌ను పీలుస్తూనే ఉంటుంది. బడికి పంపేదైతే పొద్దున కాస్త జారుగా దించండి. పాస్తా ఉడికిన నీళ్లు అర గ్లాసు పక్కన పెట్టుకుని కలిపితే సరిపోతుంది, పైన ఒక చెంచా నూనె.

పాలు విరిగాయా, టమాటాలో నేరుగా పోసి ఉంటారు. పాత ప్యాకెట్లో పురుగు కనబడితే పారేయండి. పాస్తా చల్లనీళ్లతో కడిగితే సాస్ పట్టదు, సలాడ్‌కైతే తప్ప కడగొద్దు.